పదకొండేళ్ల ఒంటె

ఉలాన్‌బాతర్‌కి ఉత్తరాన, కొండవాలు మీద,
మా ఫెల్టు గుడారానికి బయట
మైనస్ ముప్పై ఒకటి.
లోపల లాప్‌టాప్ కాలిపోతోంది.

డోల్గోర్ పిన్ని అందుకుంది.
ఒక్క అచ్చుని పట్టుకుని కొండెక్కి,
దిగకుండా అవతలి లోయని చూసే పాట అది.
సగం కొండలో ఉండగా
తెర మీద ఓ చిన్న పెట్టె అడ్డం నిలబడింది:
"సిస్టమ్ అందుకోలేకపోతోంది."
గీత ఆగిపోయింది.
పిన్ని ఆగలేదు. ఆమెకెవరూ చెప్పలేదు మరి.

ఆరోసారి కూడా అక్కడే.
నేను మూత మీద ఒక్కటిచ్చుకున్నాను.
"కొట్టకురా సంబూ," అంది.
"ఒంటె లేవట్లేదంటే మూటలు విప్పి చూడాలి.
ఏది నీది, ఏది దారిలో ఎవడో
ఊరికే తగిలించి పోయింది."

విప్పాను.
ఎవరిదో పెళ్లి వీడియో, రెండేళ్లుగా సగమే దిగుతూ.
రోజూ నా ఫొటోలన్నీ ఆకాశానికి మోసుకెళ్లే కూలీ ఒకడు.
వైరస్‌ల కోసం గుమ్మంలో కూర్చుని
వచ్చేపోయే ప్రతి స్వరాన్నీ తడిమి చూసే కాపలాదారు.
చలిగా ఉందని చెప్పడానికో బొమ్మ.
(దానికి యంత్రం కావాలా?)
అందరినీ పంపించేశాను.
ఒంటె మోకాళ్ల మీదికి లేచింది, అంతే.

"ఇదేంటి?" అని వేలు పెట్టింది పిన్ని.
ప్రతిధ్వని అన్నాను. నీ గొంతుకి మూడు పొరలు వేశాను,
ఏదో పెద్ద రాతి మందిరంలో పాడినట్టు.
పిన్ని నవ్వితే దగ్గొచ్చింది.
"గోబీలో ప్రతిధ్వని ఎక్కడిదిరా?
అక్కడ అరిస్తే అరుపు వెళ్లిపోతుంది.
తిరిగి రాదు."
మూడు పొరలూ తీసేశాను.

ఇక బఫర్.
తగ్గిస్తే పాట నిండా ఆవాల చిటపట.
పెంచితే పిన్ని చెవిలోకి పిన్నే ఆలస్యంగా వస్తుంది.
ముందు నుయ్యి, వెనక గొయ్యి,
మధ్యలో నా మౌసు.
హెడ్‌ఫోన్లో ఒక చెవి ఎత్తి అంది:
"నా వెనకాల ఎవరో ఆడది నడిచొస్తోంది
నేనన్నదే అంటూ.
ముందుకన్నా పొమ్మను,
ఇంటికన్నా పొమ్మను."
హెడ్‌ఫోన్లు తీసేసి మేకు మీద తగిలించాం.
ఆవిడ ఇంటికి పోయింది.

అయినా ఫ్యాను విమానంలా మోగుతూనే ఉంది,
మైకు నిండా అదే.
బోర్లించి మరలు విప్పాను. ఏడోది అరిగిపోయింది,
కూరగాయల కత్తితో పెకలించాను.
నా షేవింగ్ బ్రష్షు లోపలికి దూర్చితే
ఎలుకపిల్లంత మసి ఉండ ఊడిపడింది.
ఏడు చలికాలాల బొగ్గు.
మా పొయ్యిదొక్కటే కాదు,
ఈ వాలు మీద పొగ విడిచే ప్రతి గొట్టానిదీ.
పిన్ని దాన్ని బొటనవేలితో నలిపి చూసింది.
తర్వాత కోటు గుండీల మీద వేలు పెట్టి అడిగింది:
"ఇక్కడికీ దూరుతుందా ఆ బ్రష్షు?"

నేను మరలు లెక్కపెట్టుకున్నాను.

గుమ్మం బయట పెడితే ఫ్యాను మూగబోయింది,
ప్రాణం లేచొచ్చింది అనుకున్నా.
నాలుగు నిమిషాలకి
అరవై నాలుగు శాతం బ్యాటరీ ఒక్కసారిగా సున్నా.
వేడికి చావనిది చలికి చచ్చింది.
లోపలికి తెస్తే మూత మీద చెమట,
అది ఆరేదాకా ముట్టుకోవడానికి లేదు.
రెండు గిన్నెల ఉప్పు చాయ్ తాగాం.
మూడోది చల్లారిపోయింది.

చివరికి చార్జరు తగిలించి
గుమ్మం మీదే పడుకోబెట్టాను,
జానెడు తలుపు తెరిచి.
తల లోపల, ఫ్యాను బయట.
పొయ్యి చిటపటలు పాటలో పడతాయని
బొగ్గు వేయడం మానేశాం.
పిన్ని రెండు కోట్లలో. నేను దుప్పట్లో.
మూడూ ఇరవైకి ఎర్ర బొత్తం నొక్కాను.

అచ్చు కొండెక్కింది.
ఆరుసార్లు ఆగిన చోట గీత కాస్త వణికింది,
(నా చూపే వణికిందేమో)
దాటేసింది.
పక్కింటి కుక్క ఒకసారి మొరిగింది. ఉండనీ.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

"ఏం పేరు పెట్టి దాచను, పిన్నీ?"

"ముందు తలుపు వేయరా," అంది.